శంకయ్యగారూ, బతికున్న కణాలూ

శంకయ్యగారు తన చేతి గడియారాన్ని కూడా నమ్మరు. టైమెంతని అడిగితే దాన్ని చూసి, గోడ గడియారం చూసి, అడిగినవాళ్లనే ఎదురడిగి, చివరికి సుమారుగా పదయ్యుండొచ్చంటారు. ఆ ప్రయోగశాలలో ఇరవై ఎనిమిదేళ్లుగా కణాలు పెంచడం ఆయన పని. అసలు పేరు అందరూ మరిచిపోయారు. శంకలు ఎక్కువ కనుక శంకయ్య. తాను అంటించిన చీటీనే చదివి, ఇది నా రాతేనా అని పక్కవాళ్లను అడిగే మనిషి.

ఆ ఏడు కొత్తగా చేరిన పరిశోధకురాలు ఒక వైరస్ ప్రోటీన్‌లోంచి తీసిన చిన్న ముక్క మీద పనిచేస్తోంది. దాన్ని పెప్టైడ్ అంటారు. రోగం తెప్పించే శక్తి లేదు గానీ కణం పొర దాటి లోపలికి దూరే విద్య దానికుంది. దాని వీపున మందు కట్టి పంపాలని ఆమె ఆశ.

ఆ ముక్క శంకయ్యగారికి మొదట్నుంచీ నచ్చలేదు. "తలుపు తట్టకుండా వచ్చేవాణ్ని ఎలా నమ్ముతావమ్మాయ్?" అన్నారు. దాన్ని ఫ్రీజర్‌లో విడిగా ఒక అరలో పెట్టి, తాళం వేసి, లాగి లాగి చూసేవారు.

ఒకరోజు మైక్రోస్కోపు కింద కణాలన్నీ పచ్చగా వెలిగాయి. పెప్టైడ్‌కు తగిలించిన రంగు అది; అంటే పెప్టైడ్ లోపలికి దూరినట్టే. సోమవారం సమావేశంలో చూపిస్తానని ఆమె పొంగిపోయింది. శంకయ్యగారు వంగి చూసి, ఇవి బతికున్నవేనా అని ఆరా తీశారు. కావనీ, రసాయనంలో ముంచి బిగుసుకుపోయేలా చేసినవనీ ఆమె చెప్పింది.

"చచ్చినవాళ్ల ఇంట్లోకి ఎవరైనా వెళ్లొచ్చమ్మా. అడ్డెవరు?"

ఆమెకు ఒళ్లు మండింది. మర్నాడు మైక్రోస్కోపు రిజిస్టరు తెరిస్తే, సోమవారం దాకా రోజూ పొద్దున మూడేసి గంటలు శంకయ్యగారి సంతకాలే! దాంతో అనుమానం ఆమెకూ అంటుకుంది. ఆమె కనబడితే ఆయన తన గది తలుపు చేరవేసేవారు. చేతిలోని కణాల పళ్లేలను గుడ్డ కింద దాచేవారు. తన పని చెడగొట్టడానికే ఇదంతా అని ఆమెకు ఖాయమైపోయింది. శుక్రవారం వెళ్లి నిలదీసింది.

ఆయన కణాలు పెంచే పెట్టె తెరిచారు. ఎనిమిది పళ్లేలు. అన్నింటి మీదా ఆమె పేరే. బతికున్న కణాలను చూడాలంటే మూడు గంటలు కావాలి, కొత్తవాళ్లకు అరగంటకు మించి ఇవ్వరు. అందుకే ఆ గంటలు తన పేరున రాసుకున్నారు. రంగుకు వెలుతురు తగలకూడదని గుడ్డ కప్పి, చేయి కుదిరేదాకా కొన్ని పళ్లేల మీద ఆ ప్రయోగం ముందు తానే చేసి చూసుకున్నారు.

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్?"

"ఇవి పెరుగుతాయో లేదోనని. నీకు ఆశపెట్టి, తీరా చస్తేనో?"

శనివారం ఇద్దరూ కూర్చుని చూశారు. పెప్టైడ్ చాలామటుకు కణం పొరకే అంటుకుని ఉంది. రసాయనంలో ముంచినప్పుడు పొర చెడి, అదంతా లోపలికి కారిపోయిందన్నమాట. అయినా నూటికి పన్నెండు కణాల్లోకి నిజంగానే దూరింది. సోమవారం ఆమె ఆ పన్నెండే చూపించింది. పెద్దలు ఎన్ని వైపుల నుంచి గుచ్చి అడిగినా లెక్క చెదరలేదు.

బయటికొచ్చాక, మీరు లేకపోతే నా పరువు పోయేదని ఆయనతో అంది.

శంకయ్యగారు అటూ ఇటూ చూశారు. "నాతోనేనా అంటున్నావ్?"

"మీతోనే."

రెండోసారి చెప్పాక గానీ ఆయన నవ్వలేదు.