మెడికల్ కాలేజీలో తెలుగు గంట

మొన్న తాడేపల్లిగూడెం నుంచి పాత శిష్యురాలు ఫోన్ చేసింది. అక్కడ పేరున్న డాక్టరు ఇప్పుడు. వైద్యం చదివే పిల్లలకు సాహిత్యం, నాటకం కూడా చెప్పాలని సిలబస్‌లోనే పెట్టారట, దాని గురించి డాక్టర్ల సభలో నేను కాసేపు మాట్లాడాలట. సరేనన్నాను గానీ, అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. స్టౌ మీద పాలు పొంగిపోయాయి, మావారు ఏదో అడిగితే ఇంకేదో చెప్పాను.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నేను ఏలూరులో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుండేదాన్ని. ఊరవతల కొత్తగా పెట్టిన ప్రైవేటు మెడికల్ కాలేజీ ప్రిన్సిపాల్ గారు, ఆయన స్వయంగా సర్జను, తమ విద్యార్థులకు రోగులతో మాట్లాడటం రావడం లేదని శుక్రవారం చివరి గంట నాకిచ్చి, కథలూ నాటకాలూ చెప్పమన్నారు. ఏడాది చివరకు ఉపయోగం కనిపించకపోతే ఆ గంట అనాటమీకి పోతుందని ముందే చెప్పేశారు. మనసులేకుండా ఇచ్చిన గంట ఎలా ఉంటుందో మీలో పాఠాలు చెప్పినవాళ్లకు తెలిసే ఉంటుంది. శవాల గదిలోంచి ఫార్మలిన్ వాసనతో వచ్చిన పిల్లలు నేను కథ మొదలుపెట్టేసరికి కునుకు తీసేవారు. నాకు మాత్రం కాలు నిలిచేది కాదు, చెబుతూ చెబుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉండేదాన్ని. రేపు మనందరి చెయ్యి పట్టుకుని నాడి చూడబోయేది వీళ్లే, వీళ్లకు వినడమన్నా నేర్పాలి అనే ఆశ ఒకటి నన్ను పట్టుకుంది. ఏం చేసైనా ఆ గంట పోనివ్వకూడదనుకున్నాను.

కథలు మానేసి నాటకం వేయించాను. ఒకరు డాక్టరు, ఒకరు రోగి, అంతే. మండవల్లి దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, మొన్న ఫోన్ చేసిన పిల్లే, వాళ్ల అమ్మమ్మలాగా కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చుంది. చూడటానికొచ్చిన ప్రిన్సిపాల్ గారు, డాక్టరు వేషం కట్టిన కుర్రాడు తడబడుతుంటే చిరాకుపడి, అతన్ని లేపి ఆ కుర్చీలో తనే కూర్చున్నారు. నొప్పి ఉందా, ఆకలేస్తోందా, నిద్ర పడుతోందా అని గబగబా అడిగారు. అన్నిటికీ ఆ పిల్ల ఒకటే జవాబు.

"పర్లేదండీ బాబూ, మీ దయవల్ల బానే ఉందండీ."

మన గోదావరి వైపు మర్యాద మీకు చెప్పాలా! పెద్దవాళ్లకు మన బాధ చెప్పుకోవడమంటే వాళ్లను శ్రమ పెట్టడమే అనుకుంటాం. ఆయన సంతృప్తిగా, ఏమీ లేదు, పంపించెయ్యొచ్చు అన్నట్టు మావైపు చూశారు. పిల్ల దణ్ణం పెట్టి గుమ్మం దాటి, వరండాలో చతికిలబడి, కూతురి వేషంలో ఉన్న స్నేహితురాలితో, "గుండెల్లో ఒకటే పట్టేత్తందే. ఆ బాబుగారు కంగారులో ఉన్నారు గదా, ఆయన్నెందుకే ఇబ్బంది పెట్టడం" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. పిల్ల మాత్రం లేవలేదు. వాళ్ల అమ్మమ్మ నిజంగానే అలా పర్లేదండీ అనేసి ఇంటికెళ్లి ఆ రాత్రే పోయిందని ఏడుస్తూ చెప్పింది. ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచి, తల దించుకుని వెళ్లిపోయారు.

ఇక నా గంటకు ఢోకా లేదని పొంగిపోయాను. తర్వాత వచ్చిన కొత్త టైంటేబుల్లో శుక్రవారం చివరి గంట అనాటమీ అని ఉంది.

పోట్లాడదామనే వెళ్లాను. అనవలసిన మాటలన్నీ ఆటోలో దారి పొడుగునా వల్లె వేసుకున్నాను. ఆయన కాలేజీ ఆసుపత్రిలో రోగులను చూస్తున్నారంటే, కొల్లేటి పల్లెల నుంచి వచ్చిన వాళ్ల మధ్య బల్ల మీద కూర్చుని, నా వంతు వచ్చాక లోపలికెళ్లాను. ఏమిటండీ విషయం అన్నారాయన. అప్పుడు నా నోట వచ్చిన మాటేమిటో తెలుసా? "అబ్బే, ఏం లేదండీ. పర్లేదండీ." అనేసి లేవబోయాను కూడా.

ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టేశారు. "పర్లేదంటే నేనిప్పుడు నమ్మడం లేదండీ. కూర్చోండి మేడం, చెప్పండి" అన్నారు. బయట జనం విసుక్కుంటున్నా, నర్సు తలుపు తీసి తొంగిచూస్తున్నా, నేను చెప్పిందంతా, నా కోపంతో సహా, అడ్డు రాకుండా విన్నారు. విన్నాక, పిల్లలు అనాటమీలో చాలామంది తప్పారనీ, ఆ గంట మాత్రం తిరిగి ఇవ్వలేననీ చెప్పారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నా పాఠం నిజంగా వంటబట్టింది ఆయనకే, గంట తీసేసిందీ ఆయనే. తిట్టుకుందామంటే నోరు రాలేదు, మెచ్చుకుందామంటే మనసొప్పలేదు.

ఇప్పుడు మెడికల్ కాలేజీల్లో ఆ పాఠాలకు హాజరుంది, మార్కులున్నాయి. మంచిదే, నేను ఆరాటపడింది అందుకే కదా. అయినా నాకు కుదురు లేదు. ఈమధ్య ఏం చెప్పబోయినా, బయటా ఇంట్లో కూడా, అందరూ సగంలోనే సరేనండీ అనేసి పంపించేస్తున్నారు. ఆయనలా చివరిదాకా కూర్చోబెట్టి విని, ఆ తర్వాత కాదనేవాళ్లు ఇప్పుడు నాకెవరూ లేరు.