వాళ్ళెక్కిన విమానం

దోహా పక్కన అల్ రయ్యాన్‌లో నేను పనిచేసిన విల్లాలో ముగ్గురు పిల్లలు. పెద్దవాళ్ళిద్దరూ బడికి పోయేవాళ్ళు. చిన్నది మాత్రం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచీ నా చేతుల్లోనే పెరిగింది. కడప జిల్లా నుంచి ఇంటిపనికి వెళ్ళినదాన్ని నేను. నా దగ్గరే ఉండడం వల్ల దానికి అరబ్బీతో పాటు మా ఊరి తెలుగు కూడా వచ్చేసింది. ఆకలేస్తే బువ్వ అనేది. వాళ్ళమ్మను మామా అనీ, నన్ను అక్కా అనీ పిలిచేది. నన్ను అమ్మా అని మాత్రం పిలవకుండా చూసుకోమని మేడమ్ ముందే చెప్పింది. చూసుకున్నాను.

దానికి మూడేళ్ళు నిండిన వేసవిలో అందరూ యూరప్ బయల్దేరారు. చిన్నది నేను లేందే నిద్రపోదు కాబట్టి నన్నూ తీసుకెళ్ళారు. దోహా నుంచి ఇటలీ దాకా పెద్ద విమానంలో వెళ్ళాం. తర్వాత లండన్ పోవాలి. మేముంటున్న సరస్సు పక్క ఊరికి దగ్గర్లో ఒక చిన్న విమానాశ్రయం ఉంది. అక్కడి నుంచి ఎగిరేవన్నీ చవక విమానాలే. వాటిలో మనిషికి ఒక చిన్న సంచికి మించి ఊరికే ఎక్కనివ్వరు. మేడమ్ అప్పటికే దుకాణాలన్నీ తిరిగి ఉంది. అందుకని నా సంచిలో నా బట్టలను అడుగుకు తొక్కి, పైన తను కొన్న చెప్పులూ అత్తరు సీసాలూ పిల్ల గౌన్లూ సర్దింది. సంచి నా పేరు మీద పోతుందంతే, అందులో నాది పెద్దగా ఏమీ లేదు.

గేటు దగ్గర జనం చాంతాడంత వరుసలో నిలబడి ఉన్నారు. చిన్నది నా భుజం మీద నిద్రపోతోంది. మా వంతు వచ్చాక, అక్కడున్న అమ్మాయి అందరి పాస్‌పోర్టులూ చూసి నాది మాత్రం పక్కన పెట్టింది. నా వీసా ఇటలీకి పనికొస్తుంది గానీ లండన్‌కు పనికిరాదంది. వాళ్ళ పాస్‌పోర్టులకైతే ఫోన్లోనే అనుమతి వచ్చేస్తుంది. నాకు వేరే వీసా తీయాలని ఎవరికీ తోచలేదు. యూరప్ వీసా ఉందిగదా అని మేడమ్ వాదించింది. సార్ ఎవరికో ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి విసుక్కోలేదు, కానీ తలుపు మూసే వేళయిందనీ, వెళ్ళేవాళ్ళు వెళ్ళాలనీ చెప్పింది.

సార్, మేడమ్ పక్కకు జరిగి అరబ్బీలో ఏదో మాట్లాడుకున్నారు. అప్పుడు ఆవిడ నా వైపు వచ్చింది. ఏం చెబుతుందోనని చూస్తున్నాను. ముందు సంచి అడిగింది.

నేలమీదే గొంతుకూర్చుని జిప్పు తీసి, అడుగున ఉన్న నా రెండు జతల బట్టలు బయటికి లాగింది. వాటిని ఒక ప్లాస్టిక్ కవర్లో కుక్కి నా చేతికిచ్చింది. సంచి పెద్దమ్మాయి వీపుకు తగిలించింది. ఆ తర్వాత చిన్నదాన్ని నా భుజం మీది నుంచి ఎత్తుకుంది. అది కళ్ళు తెరిచి, చేతులు మారాయని తెలుసుకుని, ఏడుపు లంకించుకుంది. "యల్లా, యల్లా" అని సార్ తొందరపెట్టాడు. బస్సుకూ తిండికీ అని కొన్ని నోట్లు నా చేతిలో పెట్టి, దోహాలో డ్రైవర్ అన్నీ చూసుకుంటాడన్నాడు. మెట్ల దాకా దాని ఏడుపు వినబడింది. గేటు దగ్గరి అమ్మాయి నా పాస్‌పోర్టు నాకిచ్చింది. ఇన్నేళ్ళలో అది నా చేతికి రావడం అదే మొదలు.

విమానం కదిలి పోయేదాకా అద్దం దగ్గరే నిలబడ్డాను. ఆ ఇంటి డ్రైవర్‌ది కోనసీమ. కాసేపటికి ఆయన ఫోన్ చేశాడు.

"ఏమ్మా, ఏవన్నా తిన్నావా?"

"అన్నా, నన్ను ఈడనే ఇడ్సిపెట్టి పోయినారు" అన్నాను. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆయన నన్ను ఏడవనిచ్చి, తర్వాత నెమ్మదిగా చెప్పాడు. దోహా విమానం ఇంకో విమానాశ్రయం నుంచి రేపు ఉందట. సార్ ఆఫీసు వాళ్ళు టికెట్ పంపుతున్నారట. "బస్సెక్కి తిన్నగా అక్కడికెళ్ళిపోమ్మా. ఎవరేమడిగినా ఫోన్ నాకియ్యి" అన్నాడు. అలాగే చేశాను. మరునాడు దోహాలో దిగితే ఆయన కారు తెచ్చాడు. విల్లాకు తాళం వేసి ఉంది, తాళాలు సార్ దగ్గరున్నాయి. వాళ్ళు తిరిగొచ్చేదాకా దోహాలోనే అల్ మన్సూరాలో ఆ డ్రైవరన్న చెల్లెలి గదిలో ఒక మూల పడుకున్నాను.

వాళ్ళు వచ్చాక మేడమ్ దగ్గరికి చుట్టాలు వచ్చారు. చాయ్ పోస్తూ విన్నాను. ఆ విమానం గురించి చెప్పి చెప్పి నవ్విస్తోంది. మోకాళ్ళు పట్టని సీట్లట, నీళ్ళు కూడా కొనుక్కోవాలట, పిల్ల దారంతా ఏడ్చి ప్రాణం తీసిందట. ఎందుకేడ్చిందో ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. చెప్పకూడదని దాచిందని కూడా అనుకోను. ఆవిడకు గుర్తు రాలేదంతే.

చిన్నది మాత్రం నా దగ్గరికి రాలేదు. తలుపు పక్కన నిలబడి చూసింది. మేడమ్ చెల్లెలి కుటుంబం కూడా లండన్ వెళ్ళిందట. అక్కడ దాన్ని చూసుకున్న వాళ్ళ పనిమనిషి ఇప్పుడు ఆ చుట్టాలతో వచ్చి ఉంది, ఆమె దగ్గరే పడుకుంటానంది. సాయంత్రం స్నానం చేయిస్తుంటే, నేను నేర్పిన మాటల్లోనే అడిగింది.

"అక్కా, నన్ను ఇడ్సిపెట్టి ఏల పోయినావు? మామా చెప్పింది, నువ్వు పారిపోయినావంట."

నేను పోలేదు తల్లీ, మీరే పోయినారు అనాలని నోటిదాకా వచ్చింది. మూడేళ్ళ పిల్లకు వాళ్ళమ్మ అబద్ధం చెప్పిందని ఎట్లా చెప్పను? చెబితే ఆ మాట పిల్ల నోటి నుంచి మేడమ్ దాకా పోతుంది కూడా.

"పనుండి పోయినా" అన్నాను.

అది తల ఊపింది. నమ్మింది. అదే నన్ను ఎక్కువ కోసింది.

ఆ తర్వాత మళ్ళీ కొంత దగ్గరైంది గానీ, నేను గుమ్మం దాటితే చాలు, చేస్తున్న ఆట ఆపి చూసేది. నా కాంట్రాక్టు ముగిసే వేళకు ఇంకో రెండేళ్ళు ఉండమని మేడమ్ అడిగింది. పిల్ల అలవాటు పడిందిగదా, నీకిక్కడ ఏం తక్కువైంది అంది. ఏమీ తక్కువ కాలేదన్నాను. పిల్లలున్న ఇల్లు వద్దని ఏజెన్సీ వాళ్ళకు చెప్పి, అల్ వుకైర్‌లో ఒక ముసలావిడ ఇంట్లో చేరాను. నేను బయల్దేరిన పొద్దున అది నర్సరీలో ఉంది. నాకు నేనుగా దాన్ని వదిలి వెళ్ళింది ఆ ఒక్కసారే.