గోడ మీద పెన్సిల్ గీతలు

బోర్డులు రాసే పెయింటర్‌కు కుడి భుజంలో కాల్షియం పేరుకుంది. చొక్కా తొడుక్కోవాలన్నా ప్రాణం మీదికొచ్చేది.

"చాలామందికి అది మెల్లగా కరిగిపోతుంది. రోజూ వేడి కాపడం పెట్టించుకుని, వేళ్లను గోడ మీద పైకి పాకించండి. ఇంట్లో సాయానికి ఉన్నారుగా?" అంది ఫిజియోథెరపీ డాక్టరమ్మ.

"ఆఁ, ఉన్నార్లెండి," అన్నాడు. అతని భార్య పోయి ఆరేళ్లయింది.

పొద్దున్నే వేడి తువ్వాలును ఎడమచేత్తో తనే భుజానికి అదుముకునేవాడు. తర్వాత కుడిచేతి వేళ్లను గోడ మీద పాకించి, నొప్పి ఆపిన చోట పెన్సిల్‌తో గీత గీసేవాడు. మూడు నెలల్లో గీతలు తల దాటాయి.

ఒకరోజు చెయ్యి నిటారుగా లేచింది. ఇల్లంతా ఒకసారి కలయజూసి, చెప్పులేసుకుని ఆస్పత్రికి నడిచాడు.

"ఇవాళ మీరు రావక్కర్లేదే?" అంది డాక్టరమ్మ.

"ఊరికే, మీకు చూపిద్దామని," అంటూ వరండాలోనే చెయ్యెత్తి నిలబడ్డాడు.