నల్ల బొట్టు కింద సరుకు

2023 వేసవి. నెల్లూరులో నా రిపేరు షాపు అప్పటికి టీవీల కాలం దాటి మిక్సీలు, టేబుల్ ఫ్యాన్ల మీద బతుకుతోంది. పాత సెట్టు ఎవరైనా తెస్తే సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఎర్ర పాదరసం పిచ్చి మళ్ళీ లేచింది. పాత టీవీల్లో, రేడియోల్లో ‘రెడ్ మెర్క్యురీ’ అనే సరుకు ఉంటుందట, దొరికితే లక్షలిచ్చి కొనే బ్రోకర్లు ఉన్నారట. ఏ సెట్టులోనూ అలాంటిదేమీ ఉండదని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. చెప్పిన ప్రతిసారీ ఎదుటివాడు నన్ను అదోలా చూసేవాడు. ఉంది కాబట్టే వీడు లేదంటున్నాడు అన్నట్టు.

అలాంటప్పుడు ఒక ఉదయం మైపాడు బస్సు దిగి పోలమ్మ వచ్చింది. నెల్లూరు వీధుల్లో చేపలమ్ముకునే మనిషి. తువ్వాల్లో చుట్టిన వస్తువును కౌంటరు మీద పెట్టి, నేను పలకరించేలోపే అంది:

“అన్నా, మూత నా కళ్ళ ముందరే ఇప్పాల. లోపలి సామాను ఒక్కటి గూడా మార్చగూడదు.”

ఇంకేం, నాకు అనుమానం మొదలైంది. తువ్వాలు విప్పితే పిల్లల ఆట కంప్యూటరు. మూత తెరిస్తే పైన సన్నటి తెర, కింద అక్షరాల మీటలు. మీట నొక్కితే ఆ అక్షరాన్ని ఇంగ్లీషులో పైకి పలుకుతుంది, కూడికలు అడుగుతుంది, తప్పు చెబితే కీచుమంటుంది. ఒకప్పుడు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు పిల్లలకు తెచ్చేవారు. ఇప్పుడు వాటిని వెతికి కొని దాచుకునేవాళ్ళు ఉన్నారని విన్నాను. అలాంటిది ఈమె చేతికి ఎలా వచ్చింది?

“ఇది యాడిదమ్మా నీకు?”

“నేను చేపలేసే ఇంట్లో ఒకమ్మ ఇచ్చింది. వాళ్ళ పిల్లోళ్ళు పెద్దోళ్ళైపోయినారంట.”

“ఆ ఇల్లు యాడ?”

“ఏందన్నా, పోలీసోడి మాదిరి అడుగుతుండావు! బాగుచేస్తావా, చెయ్యవా?”

బోర్లా తిప్పి చూశాను. స్క్రూల తలలు చెదిరిపోయి ఉన్నాయి. చుట్టూ కత్తి గాట్లు, అవీ కొత్తవి. “దీన్ని ఎవరో ఇప్పబోయినారే” అనగానే ఆమె ముఖం పాలిపోయింది.

“మా మరిది శీనయ్య” అంది. “మాటాడే మిషన్లలో సరుకుంటదని ఎవడో చెప్పినాడంట. మా ఆయన మంగళూరు బోట్లకు పోయుండాడు, ఇంట్లో ఈడిదే పెత్తనం. పగలగొట్టకముందే బాగుచేసియ్యన్నా. మా పాపకు ఏడేళ్ళు. ఇది పలికితేనే అది పలుకుద్ది.”

పిల్లకు చెవులు బాగానే వినిపిస్తాయట, మాటే రాలేదట. ఎవరెంత బతిమాలినా నోరు తెరవనిది, ఈ మిషను ‘ఏ’ అంటే తానూ ‘ఏ’ అనడం మొదలుపెట్టిందట. మిషను ఆగిపోయాక పిల్లా ఆగిపోయింది. కథ బాగానే ఉంది గానీ నేను పూర్తిగా నమ్మలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని దొంగ సామాను తెచ్చినవాళ్ళను కూడా ఈ కౌంటరు దగ్గర చూశాను.

ఆమె ముందే మూత విప్పాను. రోగం చిన్నదే. పాత సెల్లులు కారి టెర్మినల్స్, అంటే సెల్లును ఆనుకునే రేకులు, చిలుము పట్టి అరిగిపోయి ఉన్నాయి. కొత్త రేకులు వేస్తానంటే ఆమె ఒప్పుకోదు! “మార్చొద్దన్నా గదా” అంటుంది. నేను ఆమెను అనుమానిస్తుంటే ఆమె నన్ను అనుమానిస్తోంది. చివరికి పాత రేకులు పీకి చేతికిచ్చి, “ఇవి కొంగున కట్టుకో తల్లీ” అన్నాక ఊరుకుంది. మీటల కింద ఉండే కార్బన్ ప్యాడ్లు తుడిచి, సెల్లులు వేసి నొక్కితే మిషను “ఏ” అంది. పోలమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“రేపు పాపను తీసుకొచ్చి పట్టుకుపో” అన్నాను, నమ్మకం కుదరక. ఇంట్లో కన్నా నా దగ్గరుంటేనే భద్రమనుకుందేమో, సరేనంది.

మర్నాడు తల్లి కొంగు పట్టుకుని పిల్ల వచ్చింది. మిషను కనపడగానే కొంగు వదిలేసి వచ్చి ఒక మీట నొక్కింది. “బీ” అంది మిషను. పిల్ల పెదాలు కదిలాయి, కదిలాయి, ఆఖరికి “బీ” అని బొంగురుగా ఒక శబ్దం వచ్చింది. దాచుకోవడం దేనికి, నాకు కళ్ళు చెమర్చాయి.

అంతలో షాపు ముందు బండి ఆగింది. శీనయ్య! వదిన వెనకాలే వచ్చినట్టున్నాడు.

“ఇప్పన్నా. లోపల నేను జూడాల” అన్నాడు. ఇప్పకపోతే బయటికి తీసుకెళ్ళి పగలగొడతాడు. విప్పి బోర్డు చేత్తో పట్టుకుని చూపించాను. మధ్యలో నల్లటి బొట్టు. ఈ రకం బొమ్మల్లో చిప్‌ను బోర్డు మీదే అతికించి, పైన నల్ల జిగురు పోసి గట్టిపరుస్తారు. మేము దాన్ని బ్లాబ్ అంటాం. మిషను గొంతు, అక్షరాలు, సమస్తం దాని కిందే ఉంటాయి. గీకితే వెంట్రుక కన్నా సన్నటి తీగలు తెగుతాయి. మళ్ళీ అతికించడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

“అదే! ఆ బొట్టు కిందనే ఉంటదని చెప్పినారు” అంటూ శీనయ్య జేబులోంచి వెల్లుల్లి రెబ్బ తీసి బోర్డు పక్కన పెట్టాడు. సరుకుంటే వెల్లుల్లి దూరంగా జరుగుతుందట. అది కదల్లేదు. “చూసినావా? పైన మందంగా పూసినారు, అందుకే కదల్లా!”

చచ్చిపోయిన క్యాలిక్యులేటర్ ఒకటి తీసి, దానిలోని నల్ల బొట్టును బ్లేడుతో గీకి చూపించాను. “చూడబ్బయ్యా, ఇసక రేణువంత ముక్క. ఇంకేముంది?”

“ఇది లెక్కల మిషను, అది మాటాడే మిషను. రెండూ ఒకటెట్టవుతాయి? నువ్వింత ఇదిగా అడ్డం పడతుండావంటేనే తెలస్తా ఉంది.” నా బ్లేడు లాక్కున్నాడు. పోలమ్మ అతని చేయి పట్టుకుంటే విదిలించేశాడు. పిల్ల నా చేతిలోని బోర్డు వైపే చూస్తూ “బీ... బీ...” అంటోంది.

నాకు తిక్క రేగింది.

“గీకు నాయనా, గీకు! ఇంకా ఏముంటది? నిన్న నేనే తీసేసినా. తీసి మళ్ళీ నల్ల జిగురు పోసినా!”

అప్పటిదాకా ఏ మాటా నమ్మనివాడు దీన్ని మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యకుండా నమ్మాడు. బ్లేడు పారేసి నా చొక్కా పట్టుకున్నాడు.

“స్టేషన్‌కు పోదాం పద” అన్నాను. “ఏం సరుకు కోసం వచ్చినావో, ఎవడికి అమ్మబోయినావో ఆడ నువ్వే చెప్పు.”

పట్టు వదిలింది. నా అంతు చూస్తానని అరుచుకుంటూ బండెక్కాడు. బోర్డు వంక మళ్ళీ చూడలేదు. ఇప్పుడతనికి అది ఉత్త డబ్బా.

మిషను బిగించి పిల్ల చేతికిచ్చాను. పోలమ్మ పాపను మెట్లు దింపి, తనొక్కతే వెనక్కి వచ్చింది. దండం పెడుతుందనుకున్నాను. గొంతు తగ్గించి అడిగింది:

“అన్నా, నిజం చెప్పు. నిజంగానే తీసినావా?”

“లేదు తల్లీ. దాంట్లో అసలేమీ లేదు.”

“సరేలే” అంది. నమ్మలేదు.

ఆ తర్వాత మైపాడు వైపు నుంచి నా షాపుకు ఒక్క ఫ్యాను రాలేదు. మేం మిద్దెకు సున్నం వేయిస్తే సరుకు అమ్మిన డబ్బే అన్నారట. ఒకరోజు అన్నం వడ్డిస్తూ మా ఆవిడ కూడా మెల్లగా అడిగింది, చేతిలో గరిటె అలాగే పట్టుకుని. పోలమ్మ ఇప్పటికీ మా వీధిలో చేపలమ్ముతుంది. షాపు మెట్లెక్కదు గానీ, “పాప మాటలు చెప్తా ఉందన్నా” అని రోడ్డు మీద నుంచే కేకేస్తుంది.

ఇన్నేళ్ళ పనిలో ఈ ఒక్క మిషను నేర్పింది నాకు: అనుమానంతో వచ్చినవాడికి లోపల విప్పి చూపించినా, చూసినదాంట్లో ఇంకో అనుమానం వెతుక్కుంటాడు. నువ్వనుకున్నదే నిజమంటే మాత్రం హాయిగా నమ్ముతాడు. ఆ అబద్ధం వల్ల నా పేరు పోయింది, బాధ లేదని అనను. కానీ దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. దాంట్లోంచి నేనేమీ తీయలేదని వాళ్ళు నమ్మిన రోజున ఆ నల్ల బొట్టు గీకేస్తారు.