గురులింగప్ప ఉపగ్రహం

గురులింగప్పతో ఏ మాట మొదలుపెట్టినా అది చివరికి ఆకాశంలో తేలేది. జహీరాబాద్ బస్టాండు ఎదుట రేడియోలు బాగుచేసే ఆయనకు, ఎక్కడో దూరదేశపు యూనివర్సిటీవాళ్లు తయారుచేసి వదిలిన ఓ చిన్న ఉపగ్రహమంటే ప్రాణం. ఎనభైల మాట ఇది.

"నా రేడియో ఎప్పుడిస్తవ్?" అని అడిగితే, "జర ఆగు. అది మన అల్లం బస్తా కన్న బరువుండదు, ఎరికేనా? ఒళ్లంత ఎండను కరెంటు చేసే పలకలే. టార్చిలైటంత కరెంటుతోని అంత ఎత్తు నుంచి ముచ్చట పెడ్తది!" అనేవాడు.

కూరలో ఉప్పెక్కువైనా విసుక్కోడు. "దానికి ఇంజనే లేదు. భూమిల ఉన్న అయస్కాంతాన్ని ఆసర చేసుకొని అటిటు తిరుగుతది. ఉన్నదాంతోని సర్దుకోవాలె" అని తినేసేవాడు.

"గంత ప్రేమున్నోడివి దాన్నే చేసుకోకపోయినవా?" అనేది భార్య సంగమ్మ.

"అది గంటన్నరల భూమిని చుట్టొస్తది. ఇంట్ల నిలువదే!"

అది ఊరి మీదుగా పోయే వేళకు చేపముల్లు లాంటి యాంటెనాను వెదురుకట్టెకు కట్టి మిద్దె ఎక్కేవాడు. గరగరల మధ్య ఓ ఇంగ్లీషు గొంతు అంకెలు చదివేది. "ఇగో, ఒంట్ల వేడెంతున్నదో అదే చెప్తున్నది!" అని మురిసిపోయేవాడు. కింద సంగమ్మ తల పట్టుకునేది.

ఒక సాయంత్రం న్యాల్‌కల్ ఊరి అన్నదమ్ములు చెన్నబసప్ప, విరూపాక్ష చెరో రేడియో పట్టుకుని ఒకేసారి దుకాణానికొచ్చారు. తండ్రి తవ్వించిన బావి కోసం పోట్లాడి మాటలు మానేసినవాళ్లు. మర్నాడు సంగారెడ్డిలో ఎవరి వకీలు దగ్గరికి వాళ్లు పోవాలని ఉన్నారు. ఒకరు గుమ్మానికి ఈ పక్క, మరొకరు ఆ పక్క.

గురులింగప్ప దిగ్గున లేచాడు. "ఉపగ్రహం వస్తున్నది! రాండ్రి, రాండ్రి!"

ఇద్దరినీ మిద్దె ఎక్కించి అన్న చేతికి యాంటెనా కట్టె, తమ్ముడి చేతికి దానికి తగిలించిన రేడియో ఇచ్చాడు. "ఇనేటోడు చెప్పాలె, కట్టె పట్టినోడు తిప్పాలె."

"జర ఎడమకు" అన్నాడు విరూపాక్ష, ఆకాశంతో.

"ఎంత ఎడమకు?" అన్నాడు చెన్నబసప్ప, పిట్టగోడతో.

కాసేపటికి, "అరే, గట్ల కాదన్నా!"

"నీ చెవులు చిన్నప్పటి సంది గింతే! నాయిన బావిల కెల్లి మొత్తుకున్నా ఇనకపోతుంటివి!"

విరూపాక్ష ఫక్కున నవ్వాడు. అన్నకూ నవ్వాగలేదు. ఆ తర్వాత రేడియోలో గరగర తప్ప ఏమీ రాలేదని పట్టించుకున్నవాడు లేడు. తండ్రి ముచ్చట్లలో పడి ఇద్దరూ పిట్టగోడ మీదే కూర్చున్నారు. చీకటి పడుతుంటే ఒకే బస్సెక్కి ఊరికి పోయారు. వకీళ్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"ఏమయ్యా, నీ ఉపగ్రహం రాకపాయె?" అంది సంగమ్మ.

"అది పగటీలే పోయింది. మళ్ల రేపు పొద్దుగాలనే."

"మరి ఆళ్లనెందుకు ఎక్కిచ్చినవ్?"

"ఏం జెయ్యాలె? ఒక్క తల్లి పిల్లలు మొఖాలు తిప్పుకొని నిలబడితే నాకు ఊపిరాడలే."

సంగమ్మ కొంగుతో నవ్వు దాచుకుంటూ, "పొద్దుగాల నన్ను గూడ లేపు. కట్టె నేను పట్టుకుంట" అంది.