పలుపు లేని మేకు

మా ఇంట్లో ఆవును అమ్మినా దాని పలుపు అమ్మేవాళ్ళం కాదు. కొన్నవాడు తన తాడు తెచ్చి కట్టుకుపోవాలి. మన తాడు విప్పి కొట్టంలో మేకుకు తగిలించాలి. “పలుపు ఇంట్లో ఉంటే దాని ఎనకాలే ఇంగో ఆవు వస్తాది అప్పా” అనేది అమ్మ. తాడు పిలిస్తే వచ్చే ఆవు ఎక్కడుందో చూపించమని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

తొంభైలలో నగరం చివర, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అంచున మాకు కొంచెం చేను, ఐదు సీమావులు, నాలుగు మేకలు ఉండేవి. పేడ చేనుకు, చేలోని రాగిగడ్డి ఆవులకు, కొట్టం కడిగిన నీళ్ళు ఆకుకూర మడికి. ఆ తర్వాత మా ఆఫీసులో ఒకాయన ఇలాంటి బతుకుకు పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టి గంటసేపు బొమ్మలు చూపించాడు. మా అమ్మ అయితే “ఏదీ పారేయొద్దు” అని రెండు ముక్కల్లో తేల్చేసేది.

చేను ఇళ్ళ సైట్లయింది. చెరువు గట్టున గడ్డి కోసుకుంటుంటే అక్కడా కంచె పడింది. మా పాలతో పిల్లల్ని పెంచుకున్న పక్క అపార్ట్‌మెంటు వాళ్ళే పేడ వాసనంటూ గొడవ మొదలుపెట్టారు, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. మేకలు పోయాయి, నాలుగు ఆవులు పోయాయి. ప్రతిసారీ పలుపు మేకుకెక్కింది. మిగిలిన ఎర్రావు తాడు అరిగినప్పుడల్లా అమ్మ వాటిలోంచి ఒకటి దించి కట్టేది. చివరికి దాని మెడలో ఉన్నదొక్కటే మిగిలింది.

నాన్న పోయిన తర్వాత పాలు పిండేది అమ్మే. ఆమె మోకాళ్ళు వంగడం మానేశాక ఎర్రావును అమ్మేద్దామన్నాను. ఆ మాటెత్తినప్పుడల్లా ఆమె ఆవుకు నీళ్ళు పెట్టడానికి పోయేది. చివరికి, “సరే, ఇప్పటికి అమ్ముదాం. కాళ్ళు కుదురుకున్నాక ఇంగోటి కట్టుకుందాం” అంది. ఆ కాళ్ళు కుదురుకోవని నాకు తెలుసు. ఆమెకూ తెలుసనుకుంటా. అయినా రోజూ ఆ కొత్త ఆవు గురించే మాట్లాడేది.

ఒక ఆదివారం పొద్దున మాలూరు దిక్కు రైతు టెంపోలో వచ్చాడు. ఆవు పోతుంటే అమ్మ చూడదు, లోపలే ఉండిపోయింది. టెంపో ఎక్కిస్తుంటే ఆయన తెచ్చిన తాడు పుటుక్కున తెగింది. “మెడలో ఉండే ఈ తాడుతోనే తోలుకుపోదునా అప్పా?” అని అడిగాడు. పొమ్మన్నాను. పలుపు సంగతి మరిచిపోయి కాదు. ఆ రోజు నాకు ఏదీ పట్టలేదు, అంతే. టెంపో మలుపు తిరిగింది. బాధ వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను, రాలేదు.

అమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. మేకు వైపు చూసింది.

“పలుపు యాడుండాది అప్పా?”

“దాంతోనే పోయిందిమా.”

మేకు మీద చెయ్యి పెట్టింది. “సరేలే. చేతులు కడుక్కో, సంగటి సల్లారిపోతా ఉండాది” అని కొట్టం ఊడవడం మొదలుపెట్టింది. చీపురు చోటు మారితేనే వీధంతా వినబడేలా తిట్టే మనిషి ఆమె. నేను సంగటి తిన్నాను. రుచి తెలియలేదు.

ఆ తర్వాత ఆమె నోట కొత్త ఆవు మాట రాలేదు. నెల రోజులు ఆగి, కొట్టం బైకులు పెట్టుకోవడానికి అద్దెకిద్దామా అన్నాను. పోట్లాడుతుందనుకున్నాను, ఆమె పోట్లాడాలనే అడిగాను. “నీ ఇష్టం అప్పా” అంది. అప్పుడు భయమేసింది.

మరుసటి రోజే నగర్తపేట బజారుకు పోయి మంచి నూలు పలుపు ఒకటి కొనుక్కొచ్చి, మేకుకు తగిలించి ఆమెను పిలిచాను. ఆమె దాన్ని వేళ్ళతో నలిపి చూసింది.

“బాగుండాది. కానీ ఇది ఏ ఆవు మెడలోదీ కాదే అప్పా” అంది.

ఆమె ఏదీ పారేయదు. ఆ సాయంత్రమే ఆ తాడు తీసి, కొట్టంలో ఈ గోడ నుంచి ఆ గోడకు దండెం కట్టింది. మర్నాటి నుంచి నా ఆఫీసు చొక్కాలు దాని మీదే ఆరుతున్నాయి.