కత్తి దిగే ముందు కూత

చీపురుపుల్ల అని మేమంతా పిలిచే కుర్రాణ్ణి నా కళ్ళముందు మొదటిసారి కొట్టినవాడు మా ప్రెస్సు యజమాని. స్టీలు స్కేలుతో చెవి మీద కొట్టాడు. చెవి చీలి రక్తం కాలరు దాకా కారింది. ఆ కుర్రాడు చేసిన నేరమల్లా మందుసీసాల లేబుళ్ళ కొలతల్లో ఒక అంకె తప్పు చెప్పడం. నాలుగు బండిళ్ళ కాగితం చెత్తపాలయింది. రెండో దెబ్బ పడేలోగా చీపురుపుల్ల బావ, అంటే వాళ్ళ అక్క మొగుడు, వచ్చి యజమాని చెయ్యి పట్టుకున్నాడు. బావ అక్కడే కటింగ్ మిషన్ మీద ఉండేవాడు. చీపురుపుల్ల కంప్యూటర్ మీద పేజీలు పేర్చేవాడు. నేను బైండింగులో కుట్టుపని చేసేదాన్ని.

చీపురుపుల్ల పేరుకు తగ్గట్టే ఉంటాడు, గట్టిగా తుమ్మితే ఎక్కడ విరుగుతాడో అనిపిస్తుంది. రోషం మాత్రం బండెడు. చెవికి కట్టు ఉండగానే కూర్చుని, పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌కి అతికించే చిన్న ప్రోగ్రాము ఒకటి రాశాడు. మేం దాన్ని తోక అనేవాళ్ళం. పేజీ పూర్తికాగానే ఆ తోక కొలతలన్నీ తనే లెక్కగట్టి, వైరు గుండా కటింగ్ మిషన్‌కి పంపిస్తుంది. ఇక నోటితో అంకెలు చెప్పే పని లేదు, చెవులు చీలే పనీ లేదు.

కటింగ్ మిషన్‌కి రెండు మీటలుంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే కత్తి దిగాలి. చేతులు మీటల మీద ఉంటే కత్తి కింద ఉండవు కదా, అదీ దాన్ని తయారుచేసినవాళ్ళ తెలివి. ఆ తెలివి మా దగ్గర చెల్లలేదు. గంటకి ఇన్ని కోతలు పడాలని యజమాని నెత్తిన కూర్చుంటే మీటలు నొక్కుతూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది? అందుకే రెండు మీటల సందుల్లోనూ మడిచిన అట్టముక్కలు దూర్చేవారు. కొలత కుదరగానే కత్తి తనంతట తానే దిగేది. ఆ కాస్త వ్యవధిలోనే కాగితం సర్ది చెయ్యి తీసుకోవాలి. తోక వచ్చాక వేగం పెరిగి, మొదటిరోజే బావ చూపుడువేలి గోరు ఎగిరిపోయింది. గుడ్డ చుట్టుకుంటూ బావమరిది వంశాన్నంతా తిట్టి, కత్తి దిగే ముందు ఒక కూత పెట్టించమన్నాడు. చీపురుపుల్ల ఆ పూటే పెట్టించాడు. రెండు క్షణాల ముందు కంప్యూటర్ కీచుమని అరిచేది. అచ్చం మా అత్తగారి గొంతే అని నేనంటే ప్రెస్సంతా నవ్వింది.

తోకని నెట్‌లో అందరికీ ఊరికే పెట్టేశాడు. ఎక్కడెక్కడి ప్రెస్సులవాళ్ళో తీసుకున్నారు. ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చేవి. పదింట్లో తొమ్మిది ఆ కూత గురించే. అది వచ్చాక గుండె కుదుటపడిందని కటింగ్ వాళ్ళు రాస్తే, చీపురుపుల్ల మాకు చదివి వినిపించి మురిసిపోయేవాడు. యజమాని మాత్రం అదంతా తన ఘనతేనని చెప్పుకుని కొత్త పనులు పట్టాడు. జీతం పెంచమని అడిగితే సిరా డబ్బా విసిరాడు. చీపురుపుల్ల నుదురు చిట్లింది. అంతే, వాడు మీదపడి యజమాని ముంజేతిని కరిచి పట్టుకున్నాడు. ముగ్గురం లాగితేగానీ పళ్ళు వదల్లేదు. నిజం చెప్పాలంటే నేను లాగినట్టు నటించానంతే.

ఆ ఉద్యోగం వదిలేసి, వెల్డింగు షాపు మీద ఒక గది అద్దెకు తీసుకుని తోకనే వ్యాపారం చేస్తానన్నాడు. ఊరికే దొరికేదానికి డబ్బులెవరిస్తారని వాళ్ళ అక్క అడిగింది. జనానికి బాగా నచ్చిందేదో దాన్ని విడదీసి అమ్ముతానన్నాడు. ఏది నచ్చిందో ఉత్తరాలు చెప్పనే చెప్పాయి. కొలతలు పంపే తోక ఊరికే, కూత కావాలంటే కొనుక్కోవాలి. కూత తీసేసిన కొత్త తోక పాతవాళ్ళందరికీ దానంతట అదే చేరిపోయింది. ఒక సోమవారం పొద్దున ప్రెస్సులన్నిటిలో కూత మూగబోయింది.

బావ ఆ రోజే గదికి వెళ్ళాడు. కూత తిరిగి పెట్టమన్నాడు. చీపురుపుల్ల మొహం గంటు పెట్టుకున్నాడట. "నీకివ్వడానికి నాకేం బాధ బావా? కానీ అది ఆ యజమాని ప్రెస్సులో మోగుతుంది. వాడు కొనాలి."

"చెయ్యి నాది కదరా."

అట్టముక్కలు తీసేసి మీటలు నొక్కమని సలహా ఇచ్చాడు చీపురుపుల్ల. మాట సబబే. కానీ అట్టలు తీస్తే కోతలు సగానికి పడతాయనీ, మర్నాడే బావ రోడ్డున పడతాడనీ అక్కడే చెవి చీల్చుకున్నవాడికి తెలియదా? తెలుసు. యజమాని మీద కసి కళ్ళు మూసేసింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇక్కడే.

యజమాని కొనలేదు. ఇన్నాళ్ళూ ఊరికే మోగిందానికి ఇప్పుడు డబ్బులేమిటన్నాడు. బావ పెదవుల్లోనే లెక్కపెట్టుకుంటూ కోయడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, చెయ్యి వెనక్కి. పదకొండు రోజులు అలాగే నెట్టుకొచ్చాడు. పన్నెండో రోజు మధ్యాహ్నం నేను బైండింగు బల్ల దగ్గర్నుంచి, "అన్నా, కవర్లు అయ్యాయా?" అని కేకేశాను. బావ తల తిప్పాడు. కత్తి ఎప్పటిలాగే దిగింది. కుడిచేతి నాలుగు వేళ్ళూ కాగితాల కట్టతో పాటు తెగి అవతల పడ్డాయి. ఖాళీ అయిన చోటుకేసి చూస్తూ "మూడు" అన్నాడు. తర్వాత కూలిపోయాడు.

నేను వేళ్ళు ఏరి గుడ్డలో చుడుతుంటే, యజమాని పరిగెత్తుకొచ్చి ముందుగా ఏం చేశాడో తెలుసా? మీటల్లోంచి అట్టముక్కలు లాగి జేబులో పెట్టుకున్నాడు. నా పక్కన అట్టలు కొట్టే కొయ్యసుత్తి ఉంది. దాంతో భుజమ్మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఉద్యోగం పోయింది. ఆ దెబ్బకి మాత్రం నేను చింతించలేదు.

వేళ్ళు అతకలేదు. నా కేక సంగతి ఆసుపత్రిలో అక్క పక్కన కూర్చుని చెప్పేశాను. ఆమె నా వైపు చూడలేదు. లేచి నేరుగా తమ్ముడి గదికి వెళ్ళి, చెప్పు తెగేదాకా కొట్టింది. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదట. ఆసుపత్రి ఖర్చూ, ఇంటి ఖర్చూ అంతా వాడే భరించాడు.

మూడో వారం బావ ఆ గదికి తీసుకెళ్ళమన్నాడు. అక్కా నేనూ చెరోపక్కా పట్టుకుని మెట్లెక్కించాం. లోపల ఫోను ఒకటే మోత. ఎత్తడానికి కొత్తగా ఒకామెని కూడా పెట్టుకున్నాడు. ఇంత గిరాకీ ఎక్కడిదని బావ అడిగాడు. చీపురుపుల్లకి కరవడం వచ్చుగానీ అబద్ధమాడటం రాదు.

"నీ సంగతి ప్రెస్సులన్నిటికీ పాకింది బావా. భయపడి కొంటున్నారు. అమ్మకం మూడింతలైంది."

బావ ఎడంచేత్తో గుద్దాడు. ముక్కు పగిలింది. కుర్చీతో సహా పడినవాణ్ణి డొక్కలో తన్నాడు, మళ్ళీ తన్నాడు. ఫోను ఎత్తే ఆమె బయటికి పరిగెత్తింది. అక్క మెల్లగా వెళ్ళి తలుపు గడియ పెట్టింది. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను, ఆపాలనిపించలేదు. తన్ని తన్ని బావ తూలితే, కట్టు ఉన్న చెయ్యి బల్లకి కొట్టుకుంది. కుట్లు విచ్చుకుని కట్టంతా ఎర్రబడింది.

చీపురుపుల్ల నేలమీద నుంచే అడిగాడు. "కూత ఊరికే ఇచ్చేస్తే ఈ గది మూసుకోవాలి. మీ ఇల్లెలా గడుస్తుంది బావా?"

బావ రొప్పుతూ వాడి పక్కనే చతికిలబడ్డాడు. ఎడంచేత్తో కట్టు అదుముకుంటూ అన్నాడు. "కూత ఇచ్చెయ్. కాగితం మిగిల్చేదేదైనా చేసి అమ్ముకో. దానికైతే యజమానులు ఎంతైనా ఇస్తారు. చేతులు మావి, కాగితం వాళ్ళది."

చీపురుపుల్ల కీబోర్డు నేలమీదికి లాక్కుని, ముక్కులోంచి రక్తం కారుతుండగానే కూతని అందరికీ ఊరికే ఇచ్చేశాడు. తర్వాత ఆరు నెలలు కూర్చుని, కాగితం వృథా కాకుండా పేజీలు ఇమిడ్చే కొత్త తోక తయారుచేశాడు. ఇవాళ దాని మీద నలభైమంది బతుకుతున్నారు, బావా నేనూ అందులోనే ఉన్నాం. మొదటి వారంలోనే దాన్ని కొన్నవాళ్ళలో మా పాత యజమాని ఒకడు. బేరం కూడా ఆడలేదు.